మా ఇంటి లెక్క

మాది గుంటూరు వైపు. బతుకుతెరువుకి హైదరాబాదు వచ్చాం. ఇంట్లో సగం తెలుగు, సగం మా ఊరి ఉర్దూ.

శుక్రవారం సాలార్‌జంగ్ మ్యూజియానికి సెలవు. అందుకని ఆదివారం మూడేళ్ల పిల్లాణ్ని చంకనేసుకుని వెళ్లాం. అక్కడి పాత గడియారంలో గంట కొట్టే వేళకి ఓ బొమ్మ మనిషి బయటికొస్తాడు. ఎన్ని గంటలైతే అన్ని దెబ్బలు కొట్టి లోపలికెళ్లిపోతాడు. ఆ కాస్త తమాషా కోసం అందరం పిల్లల్ని ఒళ్లో పెట్టుకుని కూచున్నాం. పన్నెండు కావస్తోంది.

మేం పిల్లాడికి కబుర్లు చెబుతుంటే పక్కనున్న పెద్దావిడ అంది: "సాయిబులైనా తెలుగు ఎంత బాగా మాట్లాడుతున్నారు! ఎక్కడ నేర్చుకున్నారు?"

"అమ్మ దగ్గరండీ" అన్నాం.

ఆవిడది మెచ్చుకోలే. కానీ ఆవిడ మనవడి తెలుగుని ఎవరూ అలా మెచ్చుకోరు.

అటునుంచి లాడ్ బజారుకెళ్లాం. గాజులు బేరమాడుతుంటే కొట్టతను నవ్వాడు: "ఇదేం ఉర్దూ? మీరు ముసల్మాన్లేనా?"

అక్కడ తెలుగువాళ్లం కాం. ఇక్కడ ముస్లిములం కాం. మధ్యలో పిల్లాడు మాత్రం కొత్త గాజులు గలగలలాడిస్తున్నాడు.

సాయంత్రం అట్టపెట్టెకి తలుపు కోసి, రంగుకాగితాలంటించి వాడికో గడియారం చేశాం. గరిటెతో స్టీలు కంచం మీద కొడుతూ వాడు లెక్కపెట్టాడు: "ఒకటి, దో, మూడు, చార్..."

దిద్దబోయి ఆగాం. ఏ భాష తీసేసి దిద్దాలి?

రేపు బళ్లో రెండు వైపులవాళ్లూ వాణ్ని ఇవే ప్రశ్నలు అడుగుతారు. అందుకే ఇప్పట్నుంచే చెబుతున్నాం: తప్పు లెక్క కాదురా, ఇది మనింటి లెక్క. గట్టిగా కొట్టు.