ఆవకాయకూ ఒక రూలుంది

మనవాళ్ళు ప్రయాణమంటే ముందు సర్దేది తినుబండారాలే. మా తాతగారు బరంపురంలో రైలెక్కితే పులిహోర పొట్లం లేనిదే కదిలేవారు కాదట. ఇప్పుడు పిల్లలు విదేశాల్లో ఉన్నారు, మనం విమానాలెక్కుతున్నాం. మూట మాత్రం మారలేదు.

2006 ఆగస్టులో, కూల్‌డ్రింకు సీసాల్లో ద్రవరూపంలో పేలుడు పదార్థాలు తీసుకెళ్ళి, లండన్ నుంచి బయలుదేరే విమానాలను పేల్చాలన్న కుట్ర బయటపడింది. విదేశీ ప్రయాణాల్లో 100 మి.లీ. నిబంధన అప్పటినుంచి వచ్చిందే. చేతిసంచిలో ద్రవాలు అంతకు మించని సీసాల్లోనే ఉండాలి. ఆ సీసాలన్నీ ఒక లీటరు పారదర్శకపు సంచిలో ఇమడాలి. లెక్క సీసాదే గాని లోపలి సరుకుది కాదు. 200 మి.లీ. సీసా అడుగున చెంచాడు నెయ్యి ఉన్నా ఒప్పుకోరు.

బ్యాంకులో పద్దు ఏ ఖాతాలోకి వస్తుందని చూస్తామే, ఇదీ అంతే. కారేవీ, పూసేవీ ద్రవం ఖాతాలోకే వెళ్తాయి. నెయ్యి, ఆవకాయ అటు. అరిసెలు, జంతికలు, అప్పడాలు ఇటు.

కిందటేడు మా అమ్మతో విదేశీ విమానం ఎక్కబోతుంటే, తనిఖీ వరుసలో మా ముందు ఒంటరిగా ఒక పెద్దావిడ. చేతిసంచిలో ఆవకాయ సీసా. పెద్ద పెట్టె అప్పటికే వెళ్ళిపోయింది. తెలుగు తప్ప మరో భాష రాదు. "మనవరాలికి నెలలు నిండాయమ్మా, నోటికేదీ సయించడం లేదట" అంటోంది. తనిఖీ అమ్మాయి విసుక్కోలేదు. కాని రూలు మార్చే అధికారం ఆమెకూ లేదు. సీసా తొట్టిలోకి పోయింది. మా అమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, "ఆ పిల్ల తన పని తాను చేసింది వదినగారూ. మీ ఇంట్లోవాళ్ళు ముందే చెప్పవలసింది" అంది.

అందుకే ఈ నాలుగు మాటలు. ఊరగాయ మూత బిగించి, రెండు కవర్లలో కట్టి, పాత చీర చుట్టి పెద్ద పెట్టెలో పెట్టండి. ఎండుకొబ్బరి ఎందులోనూ వద్దు. దానిలోని నూనెవల్ల తనంతట తానే వేడెక్కి అంటుకునే సరుకుల జాబితాలో ఉంది. అమెరికా వెళ్ళేవారికి 2018 నుంచి పొడులమీదా ఆంక్ష ఉంది. 350 మి.లీ. దాటిన కందిపొడి, సున్నిపిండి పెద్ద పెట్టెలోనే మేలు. పసిపిల్లల పాలకు, మందులకు మినహాయింపు ఉంది. కొత్త స్కానర్లు వచ్చిన కొన్ని విమానాశ్రయాల్లో ద్రవాల రూలు సడలించారు గాని, విమానం మారేచోట పాత రూలే ఉండవచ్చు. దిగే దేశం ఏ తిండిని రానిస్తుందో అది మరో పద్దు, విడిగా చూసుకోవాలి.

టిక్కెట్టు కొనిచ్చే పిల్లలు ఈ సంగతులు కూడా పెద్దవాళ్ళకు మన భాషలో, పెట్టె సర్దేనాడే చెప్పాలి. మామిడికాయ తరిగి, కారం కలిపి, మూడోనాడు తిరగకలిపిన చేతులకు అంత మర్యాద దక్కాలి.