అనంతగిరి దారిలో ఆగని ఇంజను

శృంగవరపుకోట విడిచిన పిమ్మట అరకులోయకు పోవు బాట మెల్లగా కొండ నెక్క నారంభించును. తైడ దాటిన తరువాత మలుపులు మిక్కుటము. ఒకవైపు లోయ, ఒకవైపు కొండచరియ. సిల్వరుఓకు మ్రాకుల నల్లుకొన్న మిరియపు తీగెలు, వాని నీడను కాఫీ పొదలు. రైలులో పోవువారు సొరంగములు లెక్కించుకొనుచు ముచ్చటపడుదురు గాని, ఈ పచ్చదనమును చేతి కందునంత చేరువగా చూడగోరు సోదరీమణులకు బస్సే మేలని నా తలంపు.

దసరా సెలవులలో మేము పిల్లలతో పోవుచుండగా, అనంతగిరికి ఇవతల ఒక మలుపున బండ్లన్నియు వరుసగా నిలిచిపోయెను. ముందు సిమెంటు బస్తాల లారీ యొకటి నిలిచియున్నది. చక్రముల వెనుక రాళ్లు పెట్టియున్నవి. తాళపుచెవి డ్రైవరు చేతిలోనే యున్నది. అయినను ఇంజను ఆగలేదు! ఆగకపోవుటయే కాదు, ఎవరును త్రొక్కకయే దాని రొద అంతకంతకు హెచ్చుచు, నీలిపొగ లోయంతయు క్రమ్ముకొనుచుండెను.

తాళము తీసిన బండి ఏల ఆగదని నేనడుగగా మా వారు చెప్పిన సంగతి యిది. పెట్రోలు ఇంజనులో విద్యుత్తు నిప్పురవ్వ చమురును మండించును. ఆ విద్యుత్తు నాపిన ఇంజను ఆగును. డీజిలు ఇంజనులో నిప్పురవ్వయే లేదు. గాలిని పదునారవ వంతునకో అంతకును తక్కువకో అదిమిన, అది చమురును మండించునంత వేడెక్కును. కావున దీని నాపవలెనన్న చమురును కట్టివేయవలెను. పాత బండ్లలో ఒక తీగె లాగుదురు. క్రొత్తవానిలో తాళము త్రిప్పినంతనే చమురుదారి మూసికొనును. తీగె తెగినదన్నచో పంపుమీది మీటను చేతితో నొక్కి ఆపవచ్చునట.

ఇక్కడ వచ్చిన చిక్కు అది కాదు. ఇంజనులోనికి గాలిని త్రోయు టర్బో అను చక్రమొకటి కలదు. దాని బిగింపు లరిగినచో, ఇంజను కీళ్లను తడుపవలసిన నూనెయే గాలితో కలిసి లోపలికి పోయి మండును. అప్పుడు డీజిలు కట్టివేసినను ఫలము లేదు. వేగము హెచ్చిన కొలది నూనె నెక్కువగా పీల్చును, పీల్చిన కొలది వేగము హెచ్చును. నీటిలోనే యుండి నీటిని త్రాగు బడబాగ్ని నాకు తలపునకు వచ్చినది. నూనె తీరువరకో, ఇంజను ముక్కలగువరకో అది పరుగెత్తుచునే యుండును.

ఈ యంత్రమునకు నూనెయన్న ఎంత మక్కువయో చూడుడు! రుడాల్ఫు డీజిలు 1893లో హక్కుపత్రము పొంది, 1897లో ఆగ్సుబర్గులో దీనిని చక్కగా నడిపించెను. 1900లో పారిసు ప్రదర్శనమున ఇట్టి ఇంజను నొకదానిని మనము గారెలు వేచుకొను వేరుసెనగనూనెతోనే నడిపించిరి.

డ్రైవరు ఏబదియేండ్లవాడు. లోనికెక్కి, బ్రేకు గట్టిగా త్రొక్కిపట్టి, పైగేరు వేసి క్లచ్చి విడిచెను. లారీ యొక్క పెట్టున వణకినది, క్లచ్చి మాడిన కంపు కొట్టినది. ఇంజను మాత్రము ఆగలేదు. ఇంతలో పదునెనిమిదేండ్ల క్లీనరు క్యాబిను వెనుకనున్న గాలిగొట్టము మూత నూడదీసి, తువ్వాలు చేతికి చుట్టుకొని అందులో పెట్టబోయెను.

“ఒరేయ్, చెయ్యెట్టకు! లాగేసుకుంటాది! చపాతీపీట తే!” అని డ్రైవరు కేకవేసెను.

ఆ గొట్టము పీల్చు పీల్పునకు గుడ్డ నిలువదు, చేయి దక్కదు. గట్టి పలక కావలెను. లేదా బొగ్గుపులుసుగాలి నింపిన మంట లార్పు సీసా కావలెను. కుఱ్ఱవాడు వంటసామానుల మూటనుండి పీట తెచ్చి యిచ్చెను. “ముక్కలెగురుతాయి, అందరూ బస్సెనక్కి పొండి” అని మమ్ము దూరముగా పంపి, డ్రైవరు ప్రక్కగా నిలిచి పీటను అంచులు పట్టి గొట్టపు నోటిపై మోపెను. నేను పిల్ల లిద్దరి చేతులు ఎంత గట్టిగా పట్టుకొంటినో, తరువాత పిల్లది చెప్పువరకు ఎరుగను. పీట అతుక్కొనిపోయెను. ఇంజను రెండుసార్లు దగ్గినట్లై, వణకి, నిలిచెను. అంతవరకు వినబడని సెలయేటి చప్పుడు అప్పుడు వినబడినది.

డ్రైవరు క్రింద కూర్చుండి చాలసేపు మాటాడలేదు. పిమ్మట “ఇంజను బాగుకి ఎంతవుతాదో, ఓనరుగారేటంటారో. కుర్రోడి చెయ్యి దక్కింది, చాలమ్మా” అనెను. పిల్లవాడు మాత్రము పీటమీద పడిన నల్లని నూనెచుట్టును ఆకులతో తుడుచుచుండెను. ఎంత తుడిచినను అది పోలేదు.

“మరి రాత్రికి చపాతీ లెట్లు నాయనా?” అంటిని.

“రాత్రికి అన్నమే, అమ్మగారూ,” అని నవ్వెను.

అరగంటకు మా బస్సునకు దారి దొరికెను.