అరిగినంత మేర

2018 అక్టోబరులో, మీటరు 22,400 కిలోమీటర్లు చూపిస్తున్నప్పుడు, నా కారు ముందు టైర్లు రెండూ బోడిగుండ్లయినయ్. కారు కొని అప్పటికి తొమ్మిది నెలలు. బయట కొన్న టైర్లు కావు, కారుతోపాటు కంపెనీ నుంచి వచ్చినవే. అమ్మేటప్పుడు షోరూము కుర్రాడు "నలభై వేల దాకా టైర్ల వంక చూడక్కర్లేదన్నా" అన్నాడు. నలభై వేలంటే నాకు ఏడాదిన్నర. ఆ లెక్క మీదే బ్యాంకు వాయిదా, డీజిలు, పిల్లల ఫీజులు సర్దుకున్నా. టైర్ల కోసమని నెలనెలా పక్కన పెట్టేంత వెసులుబాటు నాకు లేదు.

నేను తెనాలి స్టాండులో అద్దె కారు నడుపుతా. తెనాలి నుంచి రేపల్లె, రేపల్లె నుంచి బాపట్ల, బాపట్ల నుంచి మళ్ళీ తెనాలి. పెళ్ళిళ్ళు, గుంటూరు ఆస్పత్రులు, సూర్యలంక సముద్రానికి పోయే కుర్రకారు, ఇదే నా బతుకు. మా ఇంటికి చక్రాలున్న ఆస్తి రావటం అదే మొదలు. మా తాతకు బండి లేదు, ఎద్దుల్లేవు. ఊళ్ళో ఎవరి ఎద్దన్నా చచ్చిపోతే మాత్రం మా తాతకు కబురొచ్చేది.

మాది వేమూరు దాటిం తర్వాత ఒక ఊరు. ఊరంటే ఊరు కాదు, ఊరి పక్క మాదిగపల్లె. మా అయ్య చెప్పులు కుట్టేవాడు. లందలో తోలు నానేసి, తంగేడు చెక్కతో ఊనిన రోజులు నేను చూడలేదు, వాసన మాత్రం ఎరుగుదును. నాకు బుద్ధి తెలిసేటప్పటికే అట్టకి తోలు పోయి లారీ టైరొచ్చింది. అయ్య తెనాలి పోయి పాత టైరు కొనుక్కుని, రైల్లో ఎక్కించుకుని, వేమూరులో దిగి, మా ఊరి దాకా దొర్లించుకుంటా వచ్చేవాడు. ఆ టైరు వెనకాల నేను కర్రపుల్ల పట్టుకుని పరుగెత్తేవాణ్ణి. రంపెతో టైరును పొరలు పొరలుగా లేపటం ఆయనకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలవదు.

ఊళ్ళో కొన్ని ఇళ్ళ ఆసాములకి అయ్య చెప్పులు కుట్టాలి, కాడికి పలుపులు, చెర్నాకోలలు చేసిపెట్టాలి. కుప్ప నూర్చినప్పుడు కళ్ళం కాడ వాళ్ళు మేర కొలుస్తారు. చెప్పులు ఏడాది లోపల తెగితే కుట్టిపెట్టాల్సింది అయ్యే. దానికి డబ్బుల్లేవు. ఇన్ని కోసులు నడిస్తేనని లేదు, ఎట్టా నడిచావని లేదు. ఏ కాగితం మీదా రాయని ఏడాది గ్యారంటీ అది. ఇచ్చినవాడు మా అయ్య, పుచ్చుకున్నవాడు ఊరు.

నాకు తొమ్మిదేళ్ళున్నప్పుడు ఒక ఆసామి మా వాకిట్లో చెప్పు విసిరేశాడు.

"ఏరా, మూణ్ణెల్లన్నా కాలేదు. ఊడిందేందిరా?"

అయ్య చెప్పు తిరగేసి చూశాడు. దారం కుళ్ళింది. కుట్ల సందుల్లో వరిచేల బురద ఎండి ఉంది.

"నీళ్ళల్లో నానిందయ్యగారూ" అన్నాడు.

"నానితే ఊడేదాన్ని చెప్పెట్టా అంటార్రా?"

అయ్య మళ్ళీ మాట్లాడలేదు. అక్కడికక్కడే కూచుని కుట్టిచ్చాడు. ఆ ఏడు ఆ కళ్ళం కాడ రెండు కుంచాలు తక్కువ పడ్డయ్. ఎందుకని అయ్యా అడగలేదు, వాళ్ళూ చెప్పలేదు.

ఇదంతా ఎందుకు గుర్తొచ్చిందంటే, టైర్లు చూపించటానికి పోయినప్పుడు షోరూములో నన్ను ముందు కూచోబెట్టిన తీరు. కౌంటరు కాడ ఉన్నాయన పేరడిగాడు, ఊరడిగాడు. మా ఊరి పేరు చెప్పగానే మొహం వెలిగింది, ఆయనకు అక్కడ చుట్టాలున్నారంట. "ఊళ్ళోనా, పల్లెలోనా?" అన్నాడు. పల్లెలో అన్నా. ఆ తర్వాత చుట్టాల ఊసు రాలేదు. నాలుగు రోజుల తర్వాత టైరు కంపెనీ మనిషొచ్చి చూస్తాడని చెప్పారు. ఎందుకంటే కారుకిచ్చిన వారంటీలో టైర్లు లేవు. పుస్తకం తీసి చూపించారు. టైర్లు, బ్యాటరీ ఎవరు తయారుచేశారో వాళ్ళనే అడుక్కోవాలి. కారు కొన్నప్పుడు అవి లేకుండా ఇవ్వలేదే, అన్నిటికీ కలిపే డబ్బు తీసుకున్నారే అంటే, "రూలది" అన్నారు.

టైరు కంపెనీ ఆయన కుర్రాడు, మంచివాడే. గేజి తీసి గాడుల్లో గుచ్చి కొలిచాడు. కొత్తప్పుడు కారు టైరు గాడి లోతు ఏడు, ఎనిమిది మిల్లీమీటర్లుంటుంది. గాడి అడుగున అక్కడక్కడా చిన్న దిమ్మెలుంటయ్, వాటి ఎత్తు 1.6 మిల్లీమీటర్లు. రబ్బరు అరిగి ఆ దిమ్మెలతో సమానమైతే టైరు పని అయిపోయినట్టు. అంటే మనం డబ్బిచ్చి కొనుక్కునేది ఆరు మిల్లీమీటర్ల రబ్బరు. నా ఎడమ టైరుకి బయటి అంచు 1.7, మధ్యలో 3.1, లోపలి అంచు 2.8 ఉంది. కాగితం మీద రాసుకున్నాడు. "ఒక అంచే తినేసింది. ఇది తయారీ లోపం కాదు, వాడకం లోపం" అన్నాడు.

టైరు వాడకాన్ని అది అరిగిన తీరే చెబుద్దంట. రెండంచులూ అరిగితే గాలి తక్కువ, నడుమ అరిగితే గాలి ఎక్కువ, ఒక అంచే అరిగితే చక్రం నిలబడ్డ తీరు తప్పు. ఇది నాకు కొత్త కాదు. అయ్య కూడా చెప్పు తిరగేసి, ఈయన మడమ వేసి నడుస్తాడు, ఈమె కాలు ఈడ్చుద్ది, వీడు బరువు మోసేవాడు అని చెప్పేవాడు. తేడా ఏందంటే, ఆ చదువు అయ్యకు ఎప్పుడూ అక్కరకు రాలేదు. చెప్పు చూసి తప్పు నడిచినోడిదని చెప్పే హక్కు ఆయనకు లేదు. కంపెనీకి ఉంది.

"ఎడమ పక్క రోడ్డు దిగుతుంటావా?" అని అడిగాడు ఆ కుర్రాడు.

దిగుతా. దిగకుండా ఎట్టా? మా వైపు కాలువ గట్ల మీద రోడ్లు ఒక బండికి సరిపోను ఉంటయ్. తారు అంచు జానెడు ఎత్తున విరిగి ఉంటది. ఎదురుగా ఇసక లారీ వస్తే, వరిగడ్డి ట్రాక్టరొస్తే, నల్ల అద్దాల పెద్ద కారొస్తే ఎవరో ఒకరు దిగాలి. నేనే దిగుతా. దిగినప్పుడల్లా ఎడమ టైరు ఆ విరిగిన తారును గీరుకుంటా దిగుద్ది, గీరుకుంటా ఎక్కుద్ది. నాలుగుసార్లు గట్టిగా తగిలితే చక్రాల వరస కూడా తప్పుద్ది. పోనీ నేనే ఎందుకు దిగాలి? ఈ మాట ఆ కుర్రాడికి చెప్పినా ఏం రాసుకుంటాడు? మా అయ్య ఊళ్ళోంచి పోయేటప్పుడు ఎదురుగా పెద్దమనిషి వస్తే బాట దిగి నిలబడేవాడు. తను కుట్టిన చెప్పులు తనే చేతబట్టుకుని. ఆ అలవాటు స్టీరింగు పట్టుకున్న చేతికి కూడా ఉందేమో, నాకు తెలవదు.

నా తప్పు లేదని అనను. పెళ్ళి బేరాల్లో ఐదుగురెక్కాల్సిన చోట ఏడుగుర్ని ఎక్కించా. గాలి పదిహేను రోజులకొకసారి కూడా చూసుకోలేదు. పదివేల కాడ షోరూములోనే ఎలైన్‌మెంటు చేయించి బిల్లు దాచుకున్నా, ఇరవై వేల కాడ తెనాలిలో రోడ్డు పక్కన చేయించా, బిల్లు లేదు. బిల్లు లేకపోతే చేయించనట్టే.

ఇంకో సంగతి తెనాలిలో పంచరు షాపాయన చెప్పాడు. కేరళ నుంచి వచ్చి ముప్పై ఏళ్ళుగా ఇక్కడే స్థిరపడిన మనిషి. కారుతోపాటు వచ్చే టైర్లు ఒక్కోసారి బజార్లో అదే పేరుతో దొరికే టైర్ల లాంటివి కావంట. లీటరుకు ఎక్కువ కిలోమీటర్లు వచ్చినట్టు కనపడాలని, లోపల మోత రాకూడదని, తేలిగ్గా దొర్లేటట్టు కారు కంపెనీ చెప్పిన కొలతకు చేసిపెడతారు. అందులో ఒక్కోసారి మన్నిక పోద్ది. అన్నీ అంతేనని ఆయనా అనలేదు. కానీ ప్రకటనలో వేసే అంకె డీజిలుది, టైరుది కాదు. డీజిలు లాభం కంపెనీ చెప్పుకుంటది, రబ్బరు నష్టం మనం కట్టుకుంటాం.

మా చర్చి పాస్టరుగారబ్బాయి డల్లాసు కాడ ఉంటాడు. ఫోన్లో అడిగా. అక్కడ షాపులో కొనే టైర్లకు యాభై వేల మైళ్ళు, అరవై వేల మైళ్ళు అని కాగితం మీదే రాసిస్తారంట. అరవై వేల మైళ్ళంటే మన లెక్కలో 96 వేల కిలోమీటర్లు. వింటానికి బాగుంది. కారుతో వచ్చిన టైర్లకు అక్కడ కూడా చాలావాటికి ఆ మాట ఉండదన్నాడు. ఉన్నవాటికైనా, టైర్లు ముందువి వెనక్కీ వెనకవి ముందుకీ మార్పించిన రసీదులన్నీ చూపించాలి. ఇచ్చేది కూడా మొత్తం కాదు, వాడుకోగా మిగిలిన వంతు.

ఇక్కడా అంతే. మన దగ్గర లోపం ఒప్పుకున్నా, గాడి ఎంత మిగిలిందో కొలిచి అంత వంతే కొత్త టైరు ధరలో తగ్గిస్తారు. నా టైరు సంగతి చూడండి. ఆరు మిల్లీమీటర్ల రబ్బరులో అంచున మిగిలింది ఒక గీత. అరిగిపోయిందని మొరపెట్టుకుంటే అరిగినంత మేర కోత. బాగా అరిగినవాడికే తక్కువొస్తది. ఈ లెక్క కట్టినవాళ్ళు కళ్ళం కాడ కొలిచినవాళ్ళకి చుట్టాలే అయ్యుండాలి.

తెనాలి కోర్టులో మా వాడొక ప్లీడరున్నాడు. కేసు వేద్దామన్నాడు. వినియోగదారుల చట్టంలో వ్యాపారానికి కొన్న సరుకుకు చోటు లేదు, అయితే సొంతంగా నడుపుకుని బతికేవాడికి మినహాయింపు ఉంది. 1986 చట్టంలో ఉంది, దాని బదులు 2020 జూలై నుంచి అమలవుతున్న 2019 చట్టంలోనూ ఉంది. అక్కడిదాకా బాగానే ఉంది. సరుకులో లోపం కంటికి కనపడకపోతే లాబొరేటరీకి పంపాలి. ఆ ఫీజు ముందు మొరపెట్టుకున్నవాడే కట్టాలి. తప్పు వాళ్ళదని నేను నిరూపించుకోవాలి.

అయ్యకు చెప్పా. ఆయన మంచం మీద పడుకుని "చుండూరు మీదగానే గదరా నువ్వు బాపట్ల పొయ్యేది" అన్నాడు. అంతే అన్నాడు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమంది మావాళ్ళను చంపారు. ఆ ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టారు. 2007లో 21 మందికి యావజ్జీవం వేశారు. 2014 ఏప్రిల్లో హైకోర్టు సాక్ష్యాలు చాలవని అందర్నీ వదిలేసింది. ప్రాణాల పక్కన టైరు గొడవ పెట్టటానికి నాకు నోరు రాదు. అయ్య కూడా పెట్టలేదు. నిరూపించుకోమనే మాట ఆయన చెవికి ఎట్టా వినపడుద్దో చెప్పాడు, అంతే.

కేసు వెయ్యలేదు. వెయ్యాల్సిందని ఇప్పుడనిపిస్తది. మా ఆవిడ కమ్మలు తాకట్టుపెట్టి బజార్లో రెండు టైర్లు కొన్నా. వారానికొకసారి గాలి, ఐదువేలకొకసారి ఎలైన్‌మెంటు, ప్రతి బిల్లూ డాష్‌బోర్డులో. ఆ రెండు టైర్లూ 41 వేలు తిరిగినయ్. అవే రోడ్లు. మొదటివి నాసిరకమని దీంతో తేలదు, నడపటం నేను అప్పుడే గదా నేర్చుకుంది.

పాత టైర్లు రెండూ ఇంటికి తెచ్చిపడేశా. ఒకరోజు అయ్య ఎడమ టైరు ముందర కూచుని, దాచుకున్న రంపె తీశాడు. చేతులు వణుకుతున్నయ్. రెండు వేళ్ళ లోతు దిగి రంపె ఆగిపోయింది. ఈ కాలపు కారు టైర్లలో ఉక్కు తీగల వల ఉంటది, పాత లారీ టైర్ల మాదిరి నైలాను పొరలు కాదు. తీగ గుచ్చుకుని బొటనవేలు చిట్లింది. నోట్లో పెట్టుకుని చప్పరించి, రెండో చేత్తో టైరు అంచు తడిమి చూశాడు.

"ఏందిరా, నువ్వు కూడా బాట దిగుతున్నావా?"

అయ్య 2021లో పోయాడు. మొన్న భోగికి పల్లె పిల్లలొచ్చి మంటలోకి టైర్లడిగారు. కుడి టైరు ఇచ్చా. రంపె గాటు పడ్డ ఎడమది ఇవ్వలేదు. తెల్లారి బూడిదలో తీగల చుట్ట ఒకటి మిగిలి ఉంటే ఇనపసామాను బండివాడు ఏరుకుపోయాడు.