అంగడికి నామకరణము

బిడ్డకు పేరు పెట్టుట యంత కష్టము కాదు. ఇరువదియొకటవ దినమున ఉయ్యాలలో వేసి, తాత పేరో అమ్మమ్మ పేరో తలచి, పళ్లెములోని బియ్యముపై వ్రాసి, చెవిలో మూడుమారులు చెప్పిన చాలును. అంగడికి పేరు పెట్టుటలో నెంత చిక్కు గలదో మొన్న మా యింట తెలియవచ్చినది.

మాది విజయనగరము. మా కోడలు పదియేండ్లుగా ఇంటివద్దనే పిల్లలకు లెక్కలు చెప్పి, కూడబెట్టిన సొమ్ముతో గంటస్తంభమునకు పోవు త్రోవలో ఒక చిన్నగది అద్దెకు తీసికొన్నది. బొమ్మల కథల పుస్తకములును, నలుగురు కూర్చుండి ఆడుకొను ఆటవస్తువులును అందులో అమ్మవలెనని యామె సంకల్పము. అమరచిత్రకథలు మొదలుకొని జపానువారి మాంగాల వరకును, చదరంగము మొదలుకొని వామనగుంటల వరకును ఉండవలెను. పిల్లలు వచ్చి ఆడిచూచుటకు ఒక బల్లయు వేయవలెను. దసరా వెళ్లిన మంగళవారమున పైడితల్లమ్మ సిరిమానోత్సవము. ఊరంతయు జనముతో నిండు ఆ దినమునకు ముందే తలుపులు తెరవవలెను. బోర్డు వ్రాయువాడు రెండుమారులు వచ్చి పేరడిగి పోయినాడు. చెప్పుటకు పేరు లేదు.

మా ఊరికి పేరు కుదిరిన తీరు తలచిన నవ్వు వచ్చును. 1713లో విజయరామరాజుగారు ఇచ్చట కోటకు పునాది వేయించినది విజయనామ సంవత్సరమున, విజయదశమినాడని పెద్దలు చెప్పుదురు. రాజు పేరును, సంవత్సరము పేరును, పండుగ పేరును ఒక్కటే యైనపుడు ఇక వెదకుట యెందుకు? మాకట్టి యదృష్టము పట్టలేదు.

"కామిక్ వరల్డ్ అందాం, అందరికీ అర్థమవుతుంది" అని మా అబ్బాయి యనెను. "అలాంటివి ఊరికి రెండుంటాయండీ" అని కోడలు త్రోసివేసినది. నాకు 'చందమామ' తోచినది. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణిగార్లు మదరాసులో ప్రారంభించిన ఆ పత్రికతోనే నాకు చదువు రుచి తెలిసినది. కాని పత్రిక ఆగిపోయినను పేరుమీద హక్కు ఒకరిది కావచ్చును. 1999 నాటి ట్రేడ్ మార్కుల చట్టము ప్రకారము ఒకరు నమోదు చేయించుకొన్న పేరును వేరొకరు తగిలించుకొనరాదని కోడలు చెప్పినది. పులిజూదమన్నచో, జూదమను మాట విని తల్లులు పిల్లలను పంపరు. వైకుంఠపాళి యన్నచో, వైకుంఠయాత్ర తలపునకు వచ్చును. అష్టాచెమ్మా యన్నచో, 2008లో వచ్చిన సినిమా పేరది.

అప్పుడు నేను మనసులో నున్న మాట బయటపెట్టితిని. "మీ మావగారి పేరు పెట్టమ్మా. ఆయన పోయి ఆరేళ్లయింది. నలుగురి నోటా ఉంటారు." కోడలు సరే యనలేదు, వద్దనలేదు. తల వంచుకొని లోపలికి పోయినది. పెద్దలమాట కాదనలేని ఆ మౌనమును నేను సమ్మతియనియే తలచితిని. మనమందరము అట్లే తలచుదుము.

మరునాడు ఆమె అటకమీదనుండి నా వామనగుంటల పీటను దింపి, దుమ్ము తుడిచి, "ఇది ఎవరిది అత్తయ్యా?" అని యడిగినది. నా పెండ్లినాడు మా అమ్మ యిచ్చినదని చెప్పితిని. "ఆవిడ పేరేమిటి?" అని మరల అడిగినది.

చెప్పితిని. చెప్పుచుండగనే గుండె కలుక్కుమన్నది. ఆ పేరు నా నోట వచ్చి యెన్నియేండ్లయినదో! మా అమ్మ బ్రతికినన్నాళ్లు ఒకరి భార్య, మరియొకరి తల్లి. ఆమె పేరు ఏ గోడమీదను ఎవరును వ్రాయలేదు. మా యింటి గేటు ప్రక్క రాతిమీద నా భర్త పేరున్నది. నలువదియేండ్లు ఆ రాతి చాటున సుఖముగనే యుంటిని. దానిని నేను నిందింపను. కాని కోడలు లెక్కలు చెప్పి గొంతు ఎండగట్టుకొని గడించిన సొమ్ముతో పెట్టిన అంగడిని గూడ ఆ రాతి చాటునకే చేర్పజూచితిని గదా! ఆడదాని కష్టమునకు మగవాని పేరు తగిలించుటకు ముందుకు వచ్చినది మగవాడు కాదు, నేనే.

"అమ్మా, మావగారి పేరు గేటుకుంది. అది చాలు. అంగడి నీది, పేరు నీ ఇష్టం" అంటిని. ఆమె కన్నులలో నీరు తిరిగినది. ఏమియు అనక పీట ముందు కూర్చుండి చింతగింజలు ఏరినది. మనుమరాలును ఇరుగుపొరుగు పిల్లలును చుట్టు చేరిరి.

అంతలో ఆమదాలవలసవైపునుండి వచ్చి మా వీధిలో కూరలమ్ము ముసలమ్మ గుమ్మములో గంప దించి, "గుంటలేటి ఆడతన్నారమ్మా?" అని యడిగెను. "వామనగుంటలు" అని నేను బదులు చెప్పితిని. కోడలు చప్పున తలయెత్తి నవ్వినది. మన విజయనగరము, శ్రీకాకుళము సీమలలో గుంటలన్న పిల్లలు గదా! పీటలోని పదునాలుగు గుంటలును గుంటలే, చుట్టు చేరినవారును గుంటలే. వామనుడన్న పొట్టివాడు. ఇంతకన్న తగిన పేరు ఏమున్నది?

మా అబ్బాయి మాత్రము, "మోటుమాట. బెజవాడవాళ్లు గోతులనుకుంటారు" అనెను. "పీటలో గోతులున్నాయి కదండీ, వాళ్లన్నదీ నిజమే" అని కోడలు జవాబు చెప్పినది. మన పచ్చీసు సీమకు పోయి లూడో యని పేరు మార్చుకొని మరల మన యంగళ్లకు వచ్చినది. ఆ పేరు పలుకుటకు మనకు సిగ్గులేదు. మన అమ్మలు మనలను పిలిచిన మాట పలుకుటకు సిగ్గేల?

సోదరీమణులారా, పేరు పెట్టుటకు పెద్దరిక మొక్కటియే చాలదు. ఆ వస్తువు ఎవరి చెమటతో పుట్టినదో మొదట విచారింపవలెను. ఇది నేను ఆలస్యముగా నేర్చిన పాఠము.

బోర్డు తయారైనది. పసుపుపచ్చని నేలమీద ఎఱ్ఱని తెలుగు అక్షరములతో 'వామనగుంటలు' అని యున్నది. అనుమతి కాగితములో యజమాని యను గడిలో కోడలు తన పేరు తానే వ్రాసినది. మా అమ్మ పీట డబ్బులపెట్టె ప్రక్కన నుండును. ఎవరైనను కూర్చుండి ఆడుకొనవచ్చును. అది మాత్రము అమ్మకమునకు కాదు.