నిండిన పట్టు – కొత్త కాపురం

సంఘజీవనాన్ని గురించి చెప్పవలసి వచ్చినప్పుడు పెద్దలు చీమను, తేనెటీగను ఉదాహరణగా చూపుతారు. ఐకమత్యానికి, నిరంతర శ్రమకు అవి ప్రతీకలని మనమందరం చిన్ననాటి నుండి చదువుకొన్నదే. అయితే తేనెటీగ నేర్పే మరొక పాఠం మన వాచకాలలో అంతగా కనిపించదు. అది విడిపోవడానికి సంబంధించిన పాఠం. ఎప్పుడు విడిపోవాలి, ఎలా విడిపోవాలి, పోతూ పోతూ వెనుక ఏమి మిగల్చాలి అన్న విషయాలలో ఈ చిన్న ప్రాణి చూపే వివేకం నన్ను నేటికీ ఆశ్చర్యపరుస్తూనే ఉంది.

శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్ళిపోతుందని మన సామెత. ఆ రోజులలోనే ఏలూరు జిల్లా మెట్ట ప్రాంతంలో మామిడి, జీడిమామిడి పూత మీద ఉంటాయి. కొబ్బరి పుప్పొడికి ఏడాది పొడుగునా కొదవ లేదు. మరికొన్ని వారాలకు వేప, కానుగ కూడా పూస్తాయి. మా మాతామహులు ఆ ప్రాంతపు చిన్న రైతు. మేము వారిని నానాజాన్ అని పిలిచేవాళ్ళం. వారి కొబ్బరితోటలో ఒకప్పుడు పన్నెండు తేనె పెట్టెలుండేవి. చెట్టు తొర్రలలోను, పుట్టలలోను వరుసగా పట్టులు కట్టుకొనే మన దేశవాళీ తేనెటీగలే వాటిలో కాపురముండేవి. ఆ ఈగల కొలతకు తగినట్లు గత శతాబ్ది తొలినాళ్ళలో దక్షిణ భారతంలో న్యూటన్ అనే క్రైస్తవ మతాచార్యుడు రూపొందించిన ఏడు చట్రాల పెట్టెలవి.

పూతకాలంలో పుప్పొడి, మకరందం సమృద్ధిగా వచ్చిపడినప్పుడు రాణి ఈగ విస్తారంగా గుడ్లు పెడుతుంది. సుమారు మూడు వారాలలో ఆ గుడ్లు శ్రామిక ఈగలవుతాయి. పెట్టె కిక్కిరిసిపోతుంది. రాణి శరీరం నుండి వెలువడే రసాయన పదార్థమొకటి శ్రామికుల మధ్య చేతులు మారుతూ, రాణి క్షేమంగా ఉన్నదన్న వార్తను అందరికీ చేరవేస్తుంటుంది. జనం పెరిగిన కొద్దీ ఆ వార్త పలుచబడుతుంది. అప్పుడు శ్రామికులు మొదట మగ ఈగల గదులను, పిదప పట్టు అంచున వేరుశనగ కాయ వలె క్రిందికి వ్రేలాడే రాణి గదులను కడతారు. ఆ గదులకు మూత పడే వేళకు, మబ్బు లేని ఒక పూట, పాత రాణి సగానికి పైగా జనంతో ఇల్లు విడిచి వెళుతుంది. తేనె నిండిన పట్టులు, పెరుగుతున్న పిల్లలు, పుట్టబోయే రాణి అన్నీ వెనుకనే ఉండిపోతాయి. వెళ్ళేవారు తమ వెంట తీసుకొని పోయేది కడుపులో పట్టినంత తేనె మాత్రమే. అదే వారి దారిబత్తెం.

బయలుదేరిన గుంపు దగ్గరలోని కొమ్మకు గుత్తిగా వ్రేలాడుతుంది. అక్కడి నుండి వందలాది అన్వేషకులు నలుదిక్కులకు పోయి, తొర్రలను పరిశీలించి వచ్చి, గుంపు మీదనే నాట్యం చేసి తాము చూచిన చోటును తెలుపుతాయి. జర్మనీ శాస్త్రవేత్త మార్టిన్ లిండావర్ ఈ సంగతిని 1955లో వెల్లడించాడు. అనంతరం అమెరికాకు చెందిన థామస్ సీలీ పాశ్చాత్య జాతి తేనెటీగలపై దీర్ఘకాలం ప్రయోగాలు చేసి, ఈ నిర్ణయంలో రాణికి ఏ పాత్రా లేదని నిరూపించాడు. మంచి చోటును చూచివచ్చిన ఈగ ఎక్కువసేపు నాట్యం చేస్తుంది. సామాన్యమైన చోటును చూచినది త్వరగా విరమిస్తుంది. ఒక చోట తగినంతమంది అన్వేషకులు గుమిగూడినప్పుడు గుంపు లేచి అక్కడికి పోతుంది.

ఇక్కడ ఒక భేదాన్ని గుర్తించాలి. మన దేశవాళీ ఈగలు మరొక విధంగా కూడా ఇల్లు విడుస్తాయి. మేత కరువైనా, చీమలు ముసిరినా, మైనపు పురుగు పట్టులను తొలిచినా, తరచుగా పెట్టె తెరిచి బాధించినా అవి మొత్తం లేచిపోతాయి. వెనుక ఖాళీ పట్టులు తప్ప మరేమీ మిగలదు. చూచేవారికి రెండూ ఒకటిగానే కనిపిస్తాయి. నానాజాన్ మాత్రం ఇలా అనేవారు: “బేటా, కడుపు నిండిన ఇల్లు వేరుపడితే రెండిళ్ళవుతాయి. ఆకలితో వేరుపడితే ఉన్న ఒక్క ఇల్లూ పోతుంది.”

ఆ మాట విలువ నాకు తరువాత తెలిసివచ్చింది. 1991–92లో థాయి సాక్‌బ్రూడ్ అనే వైరస్ వ్యాధి దక్షిణ భారతాన్ని చుట్టుముట్టింది. డింభకాలు పూర్తిగా ఎదగకముందే నీరు నిండిన సంచుల వలె మారి చనిపోయేవి. దానికి మందు లేదు. దేశవాళీ తేనెటీగల పట్టులలో అధిక భాగం ఆ తాకిడికి నశించాయి. మా తోటలోని పన్నెండు పెట్టెలూ ఒకదాని వెంట ఒకటి ఖాళీ అయ్యాయి. తేనె అమ్మిన డబ్బుతోనే మా పిన్నమ్మల చదువు సాగుతున్నందున ఆ నష్టం ఇంటిల్లిపాదికీ తగిలింది.

రెండేళ్ళకు, 1994 ఫాల్గుణంలో, ఎక్కడో అడవి తొర్రలో వ్యాధికి తట్టుకొని నిలిచిన ఈగల గుంపు ఒకటి మా మామిడికొమ్మకు వచ్చి వ్రేలాడింది. నానాజాన్ దాని పైన గంపను బోర్లించి పట్టి, క్రింద నుండి కొబ్బరిపీచు పొగను మెల్లగా వేయగా ఈగలు గంపలోనికి ఎక్కాయి. సాయంత్రం వాటిని పెట్టెలోనికి దించి, చక్కెర పాకం పెట్టి, రాణి పారిపోకుండా కొద్దిరోజులు ద్వారానికి జాలి అడ్డుపెట్టారు. పెట్టె కాళ్ళ క్రింద నీటి గిన్నెలుంచారు.

మరుసటి వసంతానికి ఆ పెట్టె నిండిపోయి రాణి గదులు కనిపించాయి. ఉన్నది ఒక్కటే పట్టు, దానిని చీల్చవద్దని ఇరుగుపొరుగు వారించారు. ఆ గదులను గిల్లివేస్తే చాలునన్నారు. నానాజాన్ ఒప్పుకోలేదు. గదులు గిల్లినంత మాత్రాన ఇరుకు తగ్గదు, ఈగలు మళ్ళీ కడతాయి, ఒకనాడు మన కన్నుగప్పి లేచిపోతాయి. అందుకని ప్రకృతి చేయబోయే పనిని వారే ముందుగా చేశారు. ఎండ బాగా కాసిన పూట పాత రాణిని, మూడు చట్రాల పిల్లలను, వాటిని అంటిపెట్టుకొన్న ఈగలను కొత్త పెట్టెలోనికి మార్చారు. పాత పెట్టెలో మంచి రాణి గదిని ఒకటి ఉంచి, తక్కినవి తీసివేశారు. మేతకు పోయిన ఈగలు అలవాటు కొద్దీ పాత చోటికే తిరిగివస్తాయి గనుక కొత్త పెట్టెకు పాకం పెట్టి, ద్వారాన్ని చిన్నది చేశారు. అప్పుడు ఇంటర్మీడియట్ విద్యార్థినైన నాకు పొగ పట్టే పని అప్పగించారు.

ఆ తరువాత మూడు వారాలు పాత పెట్టెను తెరవనివ్వలేదు. కొత్త రాణి గది నుండి వెలువడాలి, ఆకాశంలో మగ ఈగలతో జతకూడాలి, పిట్టల వాత పడకుండా ఇల్లు చేరాలి. ప్రతి ఉదయం ఆయన ద్వారం ఎదుట కూర్చుండేవారు. చివరకు కాళ్ళకు పసుపుపచ్చని పుప్పొడి ముద్దలతో ఈగలు జోరుగా లోపలికి పోవడం చూచి పెట్టె తెరిచారు. గదుల అడుగున సన్నని తెల్లని గుడ్లు, గదికి ఒక్కటి చొప్పున, నిలిచి ఉన్నాయి. ఆయన మాటాడకుండా చట్రాన్ని నా చేతికిచ్చారు. నేడు మా మామూజాన్ కుమారుని తోటలో ఉన్న ఎనిమిది పెట్టెలూ ఆ రెండింటి సంతానమే.

విద్యార్థి మిత్రులారా! ప్రతి సంవత్సరం వసంతం ముగిసే వేళకు మన కళాశాల నుండి కూడా ఒక గుంపు లేచిపోతుంది. బయటి ప్రపంచంలో గూడు వెదుక్కొనడం సులభం కాదు. కడుపు నిండా తేనె త్రాగి, అనగా చదువును ఒంటపట్టించుకొని, బయలుదేరండి. మీరు కూర్చున్న బల్లలను, తిరగవేసిన గ్రంథాలను, నిలిపిన మంచి పేరును వెనుక వచ్చేవారికి నిండుగా అప్పగించండి. ఇల్లు ఇరుకైనదని గ్రహించి సకాలంలో చోటు కల్పించడం పెద్దల వంతు. పిల్లలు ఎగిరిపోతారన్న భయంతో ద్వారం మూసినవారికి పెట్టె దక్కుతుందేమో గాని, పట్టు దక్కదు.