మైళ్ళు పెరిగితే బిజినెస్ పెరిగినట్టేనా?

ఆఫీసులో మీ డెస్క్ పక్కనున్న చెత్తబుట్ట పొద్దున వెళ్ళేసరికి ఖాళీగా ఉంటుంది కదా! రాత్రి దాన్ని ఎవరు ఖాళీ చేశారో మనలో చాలామందికి తెలీదు. మా బావ ఆ పనిలోకి దిగేదాకా నాకూ తెలీదు.

బావంటే మా పెద్దమ్మ అల్లుడు. డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఉంటారు. పద్దెనిమిదేళ్ళు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేశాక లేఆఫ్ అయ్యారు. గ్రీన్ కార్డ్ ఉంది కాబట్టి సొంతంగా ఏదైనా పెట్టుకునే వీలుంది. మనోళ్ళయితే బిర్యానీ ఫ్రాంచైజీనో, గ్యాస్ స్టేషనో చూస్తారు. ఈయన ఆఫీసులు శుభ్రం చేసే ఫ్రాంచైజీ తీసుకున్నారు. ఊళ్ళో పెద్దమ్మ మాత్రం ఎవరడిగినా "బిల్డింగుల మెయింటెనెన్స్" అని చెబుతుంది. అబద్ధమేం కాదులెండి.

ఈ మోడల్ అమెరికాలో పాతదే. జానీ-కింగ్ అనే కంపెనీ 1969లోనే మొదలైంది. ఫ్రాంచైజీ కంపెనీ తన పేరు, ట్రైనింగ్ ఇస్తుంది, కస్టమర్లను వెతికిపెడుతుంది, బిల్లులూ తనే పంపుతుంది. ఫ్రాంచైజీ తీసుకున్నవాళ్ళు ముందు కొంత డబ్బు కట్టాలి, ఆ తర్వాత నెలనెలా వచ్చే బిల్లులో వాటా ఇవ్వాలి. మాప్ పట్టుకునేది మాత్రం వీళ్ళే, లేదంటే వీళ్ళు పెట్టుకున్న మనుషులు.

బావకి ఇప్పుడు ఆరు అకౌంట్లున్నాయి. అకౌంట్ అంటే ఒక కస్టమర్ ఆఫీసు. కంపెనీ వాళ్ళు 30 వేల డాలర్ల పెద్ద ప్యాకేజీ చూపించి, అకౌంట్లు రెట్టింపు చేసిపెడతామన్నారు. అంత డబ్బు అక్క రిటైర్మెంట్ అకౌంట్‌లోంచే తీయాలి. 59 ఏళ్ళ 6 నెలలు నిండకముందు దాన్ని ముడితే మామూలుగా ట్యాక్స్‌తో పాటు 10 శాతం పెనాల్టీ కూడా పడుతుంది. "ఒరేయ్, నువ్వొకసారి లెక్క చూడరా" అంది అక్క. నేనున్నది హెచ్‌1బీ మీద. బావ బిజినెస్‌లో పనిచేయడానికి నా వీసా ఒప్పుకోదు కానీ, అక్క కోసం ఇంట్లో కూర్చుని లెక్కలు చూడొచ్చు కదా.

మొదట ఒక్క అకౌంట్ తీసుకున్నాం. ప్యాకేజీ కాకుండా విడిగా ఇస్తామన్నది, క్యారల్టన్‌లో ఒక ఆఫీసు. నెలకి 1,200 డాలర్లు. కంపెనీ రాయల్టీ 10 శాతం, బిల్లింగ్ ఫీజు 5 శాతం పోతే 1,020. నెలకి 22 రాత్రులు, రాత్రికి 2 గంటలు, అంటే 44 గంటలు. మనిషికి గంటకి 15 డాలర్లు, దాని మీద యజమాని కట్టే సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కలిపితే దాదాపు 710. లిక్విడ్లు, సంచులు ఒక 50. చివరికి మిగిలేది 260.

ఈ అకౌంట్ ఇప్పించినందుకు కంపెనీకి మూడు నెలల బిల్లు కట్టాలి. అంటే 3,600. నెలకి 260 చొప్పున అది తిరిగి రావడానికి దాదాపు 14 నెలలు పడుతుంది. కస్టమర్ మాత్రం 30 రోజుల నోటీసుతో మానేయొచ్చు. ఆ రిస్క్ సంగతి ఆలోచిస్తుండగానే బావ చల్లగా చెప్పారు, "వ్యాన్ వెళ్ళి రావడానికి ఇరవై మైళ్ళవుతుంది" అని. ఐఆర్‌ఎస్ 2025కి పెట్టిన రేటు మైలుకి 70 సెంట్లు. 22 రాత్రులకి 308 డాలర్లు. 260 డాలర్లు మిగిలే చోట 308 డాలర్ల ప్రయాణం! దీనికి తోడు, ఒక బిల్డింగ్‌లో పని ముగించి ఇంకో బిల్డింగ్‌కి వెళ్ళే టైమ్‌కి కూడా పనివాళ్ళకి జీతమివ్వాలి. ఇక్కడి కార్మిక చట్టం ప్రకారం అదీ పనిగంటలే.

మా భాషలో చెప్పాలంటే, సర్వర్లు ఎన్ని పెంచినా మధ్యలో నెట్‌వర్క్ స్లోగా ఉంటే ఏం లాభం?

కంపెనీ మాత్రం దీన్నీ వృద్ధి కిందే లెక్కేస్తుంది. 1,200లో దాని 15 శాతం దానికి వెళ్ళిపోతుంది, మైళ్ళతో దానికి పనిలేదు. వాళ్ళని తిట్టడం లేదు, వాళ్ళ బిజినెస్ అదే. కానీ వాళ్ళు చూపించే గ్రాఫ్, బావ బ్యాంక్ బ్యాలెన్స్ ఒకటే అనుకుంటే కష్టం. ఈ రంగంలో అసలు యజమాని ఎవరన్న గొడవ కోర్టులదాకా వెళ్ళింది. 2010లో మసాచుసెట్స్‌లో ఒక ఫెడరల్ జడ్జి, కవరాల్ అనే కంపెనీ కేసులో, అక్కడి చట్టం ప్రకారం ఫ్రాంచైజీదారులు ఉద్యోగుల కిందికే వస్తారని తీర్పిచ్చారు. టెక్సాస్ చట్టం వేరనుకోండి. అయినా చదివాక బావ కాసేపు మాట్లాడలేదు.

నాకు నచ్చిన దారి ఇంకోటుంది. బావ క్లీన్ చేసే డెంటల్ క్లినిక్ పైఅంతస్తులో ఒక ఇన్సూరెన్స్ ఆఫీసుంది. వ్యాన్ అక్కడే, మనిషీ అక్కడే, మెట్లెక్కితే చాలు. అగ్రిమెంట్ ప్రకారం తనే వెతుక్కున్న కస్టమర్‌కి ఆ మూడు నెలల ఫీజు ఉండదు, నెలనెలా వాటా మాత్రం ఉంటుంది. ఇంకా, ఉన్న ఆరుగురికే కార్పెట్ షాంపూ, ఫ్లోర్ వ్యాక్స్ అమ్మొచ్చు. బావకి అడగడానికి మొహమాటం. పద్దెనిమిదేళ్ళు బగ్స్ చెప్పిన మనిషికి అమ్మడం అలవాటు లేదు మరి.

క్లినిక్‌ల మీదే దృష్టి పెట్టడం కూడా మంచి ఆలోచనే. కోవిడ్ తర్వాత హైబ్రిడ్ పద్ధతి వచ్చి, బావ కస్టమర్లలో ఇద్దరు ఐదు రాత్రుల క్లీనింగ్‌ని మూడుకి తగ్గించారు. పంటి డాక్టర్ ఇంటినుంచి పనిచేయలేడు కదా. అయితే దీనికో ఖర్చుంది. రక్తం అంటే అవకాశమున్న పనికి మనుషుల్ని పెడితే ఓషా నిబంధనల ప్రకారం వాళ్ళకి ట్రైనింగివ్వాలి, హెపటైటిస్-బి టీకా ఉచితంగా వేయిస్తామనాలి. అది చేయలేనివాళ్ళు పోటీకి రారు. నా దృష్టిలో అది ప్లస్సే.

మిగిలింది, మానేస్తున్న ఒక ఫ్రాంచైజీదారు అకౌంట్లన్నీ ఒకేసారి కొనడం. అవి ఇర్వింగ్‌లోనే ఉన్నాయి, మైళ్ళ బెంగ లేదు. ఆయన ఎందుకు మానేస్తున్నాడన్నదే ప్రశ్న. ఇక్కడ ఫ్రాంచైజీ అమ్మేవాళ్ళు సంతకానికి కనీసం 14 రోజుల ముందు ఎఫ్‌డీడీ అనే పత్రం ఇవ్వాలి. అందులో 23 భాగాలుంటాయి. 20వ భాగంలో ఎంతమంది చేరారు, ఎంతమంది వెళ్ళిపోయారు అన్న లెక్కతో పాటు, గత ఏడాది వెళ్ళిపోయినవాళ్ళ ఫోన్ నంబర్లూ ఉంటాయి. బ్రోషర్ కన్నా ముందు ఆ పేజీ చూడాలి.

పెద్ద ప్యాకేజీ వద్దని అక్క తేల్చేసింది. క్యారల్టన్ అకౌంట్‌కి బావ "ఇప్పుడు కాదు" అని మెయిల్ పెట్టారు. ఇన్సూరెన్స్ ఆఫీసు మేనేజర్ మాత్రం కొటేషన్ అడిగింది. వెళ్ళిపోయినవాళ్ళలో ఇద్దరు ఫోన్ ఎత్తారు, ఒకాయన గంటసేపు మాట్లాడాడు. ఇంకా నలుగురున్నారు. శనివారం బావ చేస్తానన్నారు.