తెల్లారకముందు చెరువు

నీళ్ల శాంపిల్ కోసం నేను తెల్లవారుజామున నాలుగున్నరకల్లా చెరువు కట్ట ఎక్కుతాను. ఇంత చీకట్లో ఎందుకని ఇంట్లో గొణుగుతూనే ఉంటారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ తీరిగ్గా తినేసి పన్నెండింటికి వెళ్లినవాణ్ణే.

హైదరాబాద్ శివారులో ఒక చెరువుండేది. కాలనీల మురుగంతా అందులోకే. నీళ్లు పచ్చ రంగు కలిపినట్టుండేవి. మిట్టమధ్యాహ్నం చూస్తే లీటరుకు 12 మిల్లీగ్రాముల ఆక్సిజన్ తేలింది. చేపలకు 4 ఉంటే చాలంటారు. భేషుగ్గా ఉందని రాసిచ్చాను. మూడోనాడు పొద్దున చేపలన్నీ వెల్లకిలా తేలాయి. "ఎవడో మందు కలిపిండు సారూ" అంటూ మత్స్యకారులు పక్క ఊరివాళ్ల మీదికి కొట్లాటకు లేచారు.

మందూ లేదు, మాకూ లేదు. మురుగులోని నత్రజని, భాస్వరం తిని బలిసిన నాచు ఎండున్నంతసేపు ఆక్సిజన్ వదులుతుంది. చీకటి పడితే తనే పీల్చేస్తుంది. అడుగున కుళ్లే బురద వాటా వేరు. తెల్లారేసరికి చేపకు మిగిలేది సున్నా. ముసురు పట్టిన రోజుల్లో మరీ ఘోరం. ఆ మర్నాడు ఐదు గంటలకు వెళ్లి చూస్తే 1 కూడా రాలేదు.

ఆక్సిజన్ కొలవాలంటే 300 మిల్లీలీటర్ల గాజు సీసాను నీళ్లలోనే నింపి, ఒక్క బుడగ లేకుండా బిరడా పెట్టాలి. బుడగుంటే దాని గాలీ లెక్కలో పడుతుంది. గట్టు మీదే మాంగనీస్ సల్ఫేటు, ఆ వెంటే అయొడైడ్ కలిపిన క్షారం పోసి తిప్పితే, ఆక్సిజన్ ఉన్న నీళ్లలో గోధుమరంగు తరకలు కడతాయి. లేని నీళ్లలో తెల్లగా, విరిగిన పాలలా. ఆ తెలుపు చూశాక ఇక ల్యాబుదాకా పోనక్కర్లేదు. ముంచగానే అంకె చెప్పే మీటర్లు వచ్చాయి గానీ, నాకింకా సీసా మీదే గురి.

ఇంకో చెరువులో నా ప్రాణమే పోవాల్సింది. వేసవిలో మట్టికోసం జేసీబీ తోడిన గుంతలు వానలు పడ్డాక కనపడవు. పైన గుర్రపుడెక్క పరుచుకుంది. మోకాలి లోతులో నడుస్తున్నవాణ్ణి, మరో అడుగుకు నెత్తిదాకా మునిగాను. ఈత వచ్చు. కాళ్లకు ఆ డెక్క వేళ్లు చుట్టుకున్నాక ఈత ఏం పనిచేస్తుంది? థర్మాకోల్ తెప్ప మీద వల తీస్తున్న పెద్దాయన గడకర్ర చాపాడు. తాను దూకలేదు. "దునుకితే ఇద్దరం పోతుంటిమి బిడ్డా" అన్నాడు, నేను ఒడ్డున నీళ్లు కక్కుతుంటే.

అప్పట్నుంచి లైఫ్ జాకెట్ లేకుండా, ఒంటరిగా చెరువులో దిగను. కర్రతో ముందు నేల పొడిచి చూశాకే అడుగు. ఒంటిమీద పుండుంటే ఆ రోజు నీళ్ల పని ఇంకొకరిది, ఎలుక జ్వరం భయం. ఉరుము వినపడితే సీసాలు అక్కడే వదిలి జీపులోకి పరుగు. చివరి ఉరుము తర్వాత అరగంటదాకా బయటికి రాను. కట్ట మీది తాటిచెట్టు కిందికి చేరేవాళ్లను మాత్రం కేకలేసి మరీ లాగుతాను.

మీ ఊరి చెరువులో మట్టి తీసి ఉంటే, నీళ్లు నిండకముందే ప్రతి గుంత అంచునా పొడవాటి కర్ర పాతించి ఎర్రగుడ్డ కట్టించండి. బతుకమ్మ నాడు ఆడవాళ్లు, పిల్లలు దిగేది ఆ నీళ్లలోకే.